రివర్షన్ ఎప్పుడు శిక్ష అవుతుంది?

మన కాలేజీ గేటు దాటి బయటికి వెళ్ళేవాళ్ళలో చాలామంది చూపు గవర్నమెంటు ఉద్యోగం మీదే ఉంటుంది. సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది, ఖాళీలెన్ని, వయోపరిమితి ఎంత అనే సంగతులు అడిగితే లైబ్రరీ మెట్ల మీద కూర్చుని నోటికి అప్పజెప్పగలరు. ఉద్యోగం ఎలా వస్తుందో ఇంత బాగా తెలిసినవాళ్ళకి, వచ్చిన ఉద్యోగం ఏ నియమాల మీద నిలబడుతుందో మాత్రం అంతగా తెలియదు. డిస్మిస్ అంటే ఏమిటో తెలుసు, రిటైర్మెంట్ అంటే ఏమిటో తెలుసు. ఈ రెంటికీ మధ్య మరో సంగతి ఉంది. ప్రమోషన్ ఇచ్చి పై కుర్చీలో కూర్చోబెట్టిన మనిషిని, కొన్నాళ్ళ తర్వాత ఒక కాగితం ముక్కతో మళ్ళీ పాత కుర్చీకి పంపించడం. ఆఫీసు భాషలో దీన్ని రివర్షన్ అంటారు. రాజ్యాంగ భాషలో, అన్ని సందర్భాల్లో కాకపోయినా, ఇది హోదా తగ్గింపు.

సర్వీసు కేసుల కాగితాలు చూసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పగలను. రివర్షన్ ఆర్డరు పట్టుకొని వచ్చే మనిషి మొదట అడిగేది జీతం ఎంత తగ్గుతుందని కాదు. "నిన్నటిదాకా నా కింద పనిచేసినవాళ్ళ పక్కన రేపు ఎలా కూర్చోవాలండీ?" అని. ఆ ప్రశ్నకి చట్టంలో జవాబు లేదు. అయితే ఆ కాగితం చెల్లుతుందా, చెల్లదా అన్న ప్రశ్నకి జవాబుంది. ఆ జవాబు తయారు కావడానికి మన దేశంలో అనేక సంవత్సరాలు, అనేకమంది ఉద్యోగస్థుల కష్టార్జితం ఖర్చయ్యాయి. ఆ కథ మన విద్యార్థి మిత్రులకి తెలియాలనే ఈ వ్యాసం.

పేరు ఒకటే, కారణాలు నాలుగు

రివర్షన్ అనే మాట ఒకటే అయినా దాని వెనక ఉండే కారణాలు ఒకటి కావు. ముఖ్యంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, ఖాళీ తీరిపోవడం. పై అధికారి దీర్ఘకాలం సెలవు పెడితే ఆ స్థానంలో కిందివాణ్ణి కూర్చోబెడతారు. అసలు మనిషి తిరిగి వస్తాడు. కూర్చున్నవాడు లేవాలి. ఇందులో తగాదా ఏమీ లేదు.

రెండోది, పనికి సరిపోకపోవడం. కొంతకాలం ఆఫిషియేటింగ్‌గానో, ప్రొబేషన్ మీదో వేసి చూస్తారు. పని నచ్చకపోతే వెనక్కి పంపుతారు.

మూడోది, లెక్క సరిదిద్దడం. సీనియారిటీ లిస్టు తప్పు అని కోర్టు చెప్పవచ్చు. లేదా ప్రభుత్వమే గమనించవచ్చు. అప్పుడు ఆ లిస్టు ఆధారంగా పైకి వెళ్ళినవాళ్ళు కిందికి రావలసి ఉంటుంది. కర్ణాటకలో 2017 నాటి పవిత్ర కేసు తీర్పు తర్వాత సీనియారిటీ లిస్టులు తిరగరాయవలసి వచ్చింది. ఎందరో ఉద్యోగస్థుల నెత్తిన రివర్షన్ కత్తి వేలాడింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం కొత్త చట్టం చేసింది, దాన్ని 2019లో సుప్రీంకోర్టు ఆమోదించింది. ఇలాంటి చోట ఉద్యోగి తప్పు రవ్వంత కూడా ఉండదు.

నాలుగోది శిక్ష. ఏదో తప్పు చేశాడని, దానికి ఫలితంగా హోదా తగ్గించడం.

ఇంట్లో భార్యాబిడ్డలకి ఈ నాలుగూ ఒకటే. వచ్చే జీతం తగ్గుతుంది, వీధిలో తల వంగుతుంది. చట్టానికి మాత్రం ఇవి నాలుగూ వేరు. మొదటి మూడింటిలో పూర్తిస్థాయి విచారణ అక్కర్లేదు. నాలుగోదానికి విచారణ లేకుండా వీల్లేదు. అసలు చిక్కు ఎక్కడ వస్తుందంటే, నాలుగోది రెండోదాని వేషం వేసుకుని వచ్చినప్పుడు. మనసులో శిక్ష ఉంటుంది, కాగితం మీద "పాలనా సౌలభ్యం కొరకు" అని ఉంటుంది. గత ఏడు దశాబ్దాల కోర్టు తీర్పుల్లో పెద్ద భాగం ఈ వేషాన్ని ఎలా గుర్తుపట్టాలి అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది.

దొరగారి ఇష్టం నుంచి 311 దాకా

ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో సర్కారు నౌకరీ అంటే రాజుగారి ఇష్టం ఉన్నన్నాళ్ళే. 1919 చట్టంలో ఈ మాట స్పష్టంగానే రాశారు. పక్కనే రూల్సు కూడా ఉన్నాయి. మరి రూల్సు పాటించకుండా తీసేస్తే? మద్రాసు గవర్నమెంటు ప్రెస్సులో రీడరుగా పనిచేసిన వెంకటరావు అనే ఉద్యోగి ఈ ప్రశ్నను లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా తీసుకెళ్ళాడు. రూల్సు పాటించవలసినవేగాని, పాటించలేదని ఉద్యోగి కోర్టులో దావా వేసి గెలవడానికి పనికిరావని ఆ కౌన్సిల్ తేల్చింది. అంటే రూల్సు ఉన్నాయి, వాటికి కోరలు లేవు.

1935 చట్టంలో 240వ సెక్షను మూడో ఉపవిభాగం మొదటిసారి ఆ కోరలు పెట్టింది. డిస్మిస్ చేసేముందూ, హోదా తగ్గించేముందూ ఉద్యోగికి తన వాదన చెప్పుకొనే సహేతుకమైన అవకాశం ఇవ్వాలన్నది. 1948లో ఐ.ఎం.లాల్ అనే ఐ.సి.ఎస్. అధికారి కేసులో ప్రీవీ కౌన్సిల్ ఈ నియమం తప్పనిసరి అని తీర్పు చెప్పింది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగ నిర్మాతలు ఆ నియమాన్నే 311వ అధికరణంలో పెట్టారు. 310వ అధికరణం రాష్ట్రపతి, గవర్నరుల ఇష్టం ఉన్నంతకాలమే ఉద్యోగం అంటుంది. 311 ఆ ఇష్టానికి కళ్ళెం వేస్తుంది.

ఇక్కడ పరీక్షల్లో విద్యార్థులు తరచు పొరబడే చిన్న విషయం ఒకటుంది. 311లో రెండు రక్షణలున్నాయి. నియమించిన అధికారికంటే కిందివాడు తీసెయ్యకూడదనేది మొదటి ఖండం. అది డిస్మిసల్‌కీ, రిమూవల్‌కీ మాత్రమే వర్తిస్తుంది. ఆరోపణలు తెలియజేసి, విచారణ జరిపి, సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వాలనేది రెండో ఖండం. అది డిస్మిసల్, రిమూవల్, హోదా తగ్గింపు మూడింటికీ వర్తిస్తుంది. అందువల్ల రివర్షన్ కేసుల్లో మనం పట్టుకోవలసింది రెండో ఖండాన్ని. దానికి మూడు మినహాయింపులు కూడా ఉన్నాయి. క్రిమినల్ కేసులో శిక్ష పడ్డప్పుడు, విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కానప్పుడు, దేశభద్రత దృష్ట్యా వద్దనుకున్నప్పుడు విచారణ అక్కర్లేదు. ఈ మినహాయింపులను 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

ధింగ్రా కేసు

రివర్షన్ చట్టానికి పునాదిరాయి పురుషోత్తంలాల్ ధింగ్రా కేసు. 1957 నవంబరు 1న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఇప్పటికీ ఏ సర్వీసు కేసు వాదనైనా ఈ పేరు తలచుకోకుండా సాగదు.

ధింగ్రా 1924లో రైల్వేలో సిగ్నలరుగా చేరాడు. మెట్టుమెట్టుగా ఎక్కి 1950 నాటికి చీఫ్ కంట్రోలరు అయ్యాడు. ఇవన్నీ మూడో తరగతి ఉద్యోగాలు. 1951లో రెండో తరగతిలోని అసిస్టెంట్ సూపరింటెండెంట్, రైల్వే టెలిగ్రాఫ్స్ పోస్టుకి సెలక్షన్ జరిగితే ఆయన ఎంపికయ్యాడు. ఆర్డరులో మాత్రం "ఆఫిషియేటింగ్" అని ఉంది. అంటే అధికారి హోదా వచ్చింది, అది స్థిరం కాలేదు. సిగ్నలరుగా మొదలుపెట్టిన మనిషి ఇరవై ఏడేళ్ళ తర్వాత ఆఫీసరుగా కూర్చోవడం చిన్న సంగతి కాదు.

1953 మార్చితో ముగిసిన సంవత్సరానికి ఆయన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ప్రతికూలమైన మాటలు పడ్డాయి. ఆ రిపోర్టు జనరల్ మేనేజరు బల్ల మీదికి వెళ్ళింది. తాను నిరాశ చెందాననీ, ఆఫీసరుగా దొరికిన ఈ అవకాశంలో బయటపడ్డ లోపాలు దిద్దుకునేవరకూ ఈయన తిరిగి కింది ఉద్యోగంలో ఉండాలనీ ఆ అధికారి జూన్‌లో నోటు రాశారు. ఆగస్టులో రివర్షన్ ఆర్డరు వచ్చింది. ఛార్జిషీటు లేదు, విచారణ లేదు, సంజాయిషీ అడగడం లేదు.

ధింగ్రా పంజాబు హైకోర్టులో రిట్ వేశాడు. ఒక్క న్యాయమూర్తి ఉన్న బెంచిలో గెలిచాడు. ప్రభుత్వం అప్పీలు చేస్తే ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఆ తీర్పును తిరగేసింది. అప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. అక్కడ నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు అయ్యారు. ధింగ్రా ఓడిపోయాడు. అయితే ఆయన ఓడిన తీర్పులోని సూత్రాలే తరువాతివాళ్ళు అనేకమంది గెలవడానికి ఆయుధాలయ్యాయి. ఇది మన న్యాయచరిత్రలో ఒక చిత్రం.

ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్.దాస్ మెజారిటీ తీర్పు రాశారు. డిస్మిసల్, రిమూవల్, హోదా తగ్గింపు అనేవి సర్వీసు రూల్సులో మూడు పెద్ద శిక్షల పేర్లనీ, 311 వాటిని శిక్షలుగా విధించినప్పుడే అడ్డుపడుతుందనీ ఆయన అన్నారు. మరి శిక్ష అవునా కాదా తేల్చడం ఎలా? దీనికి రెండు గీటురాళ్ళు చెప్పారు.

ఒకటి: ఆ పోస్టు మీద గాని, ఆ హోదా మీద గాని ఉద్యోగికి హక్కు ఉందా? స్థిరమైన నియామకం అయితే హక్కు ఉన్నట్టే. నిర్ణీత కాలానికి వేసిన తాత్కాలిక పోస్టు అయితే ఆ కాలం పూర్తయ్యేవరకూ హక్కు ఉన్నట్టే. హక్కు ఉన్నవాణ్ణి దించితే అది దానంతటదే శిక్ష.

రెండు: హక్కు లేకపోయినా, ఆ దించడంతోపాటు మరేదైనా కీడు కూడా నెత్తిన పడిందా? తన అసలు హోదాలో సీనియారిటీ పోయిందా? జీతభత్యాలు కోసేశారా? ముందు ముందు ప్రమోషన్ అవకాశాలు ఆపేశారా, వెనక్కి నెట్టారా? ఇందులో ఏది జరిగినా అది శిక్షే. పైకి ఎంత మెత్తటి భాష వాడినా సరే.

ఈ రెండు గీటురాళ్ళ మీద పెట్టి చూసి, ధింగ్రా ఆఫిషియేటింగ్ మాత్రమే కాబట్టి హక్కు లేదనీ, జనరల్ మేనేజరు నోటువల్ల ఆయన సీనియారిటీ గాని, భావి అవకాశాలు గాని పోలేదనీ, అందువల్ల ఇది శిక్ష కాదనీ నలుగురూ అన్నారు.

జస్టిస్ వివియన్ బోస్ ఒప్పుకోలేదు. హక్కు ఉందా లేదా అని వెతకడం కంటే, సర్వీసు షరతుల ప్రకారం సహజంగా వచ్చే ఫలితంకంటే మించిన కీడు జరిగిందా అన్నదే అసలు పరీక్ష కావాలన్నారు. లోపాలు దిద్దుకునేదాకా కిందే ఉండాలి అన్నప్పుడు ఆ మనిషి మిగతావాళ్ళతో సమానంగా మళ్ళీ ప్రమోషన్‌కి పోటీపడే అవకాశం పోయినట్టే కదా, అదే శిక్ష కదా అన్నది ఆయన అభిప్రాయం.

నా మట్టుకు నాకు బోస్ గారి మాటే సబబనిపిస్తుంది. "నువ్వు పనికిరావు, బాగుపడ్డాక చూద్దాం" అని ఫైలులో రాసి పంపించాక, రేపు ప్రమోషన్ కమిటీ కూర్చున్నప్పుడు ఆ ఫైలు తెరిచి చూడకుండా ఉంటుందా? అయితే మెజారిటీ వాదంలోనూ ఒక న్యాయం ఉంది, దాన్ని కాదనలేం. తాత్కాలికంగా వేసి చూసిన ప్రతి మనిషినీ వెనక్కి పంపడానికి పెద్ద విచారణ పెట్టవలసి వస్తే, ఏ అధికారీ ఎవరికీ పై మెట్టు మీద అవకాశం ఇచ్చి చూడడు. పరీక్షించి చూసే వీలు లేకపోతే ప్రమోషన్లే ఆగిపోతాయి. ప్రభుత్వం నడవాలి, ఉద్యోగికి అన్యాయం జరగకూడదు. ఈ రెండింటి మధ్యా గీత ఎక్కడ గీయాలన్నదే సమస్య.

ధింగ్రా తర్వాత

ఆ గీత ఎలా కదిలిందో మూడు కేసులు చూస్తే తెలుస్తుంది.

ఏబ్రహాం అనే పోలీసు ఇన్‌స్పెక్టరు డిప్యూటీ సూపరింటెండెంటుగా ఆఫిషియేట్ చేస్తుండగా రివర్టు చేశారు. కారణం అడిగితే, పూర్వపు రికార్డు బాగాలేదనీ, బాగుపడతాడని ప్రమోషన్ ఇస్తే ఫిర్యాదులు వచ్చాయనీ చెప్పారు. ఇది శిక్ష కాదనే సుప్రీంకోర్టు అన్నది. పోస్టులో కొనసాగించాలా వద్దా అని తెలుసుకోవడానికి వాకబు చేసినంత మాత్రాన శిక్ష అయిపోదన్నది.

వాధ్వా కేసు దీనికి ఎదురు దిక్కు. ఆయన పంజాబులో ఐ.పి.ఎస్. అధికారి. సీనియర్ స్కేలు పోస్టులో ఆఫిషియేట్ చేస్తున్నాడు. ఛార్జిషీటు ఇచ్చారు. ఆ విచారణ తేలకుండానే 1958లో కింది హోదాకి పంపించేశారు. ఆయనకంటే జూనియర్లు మాత్రం అదే స్కేలులో హాయిగా ఉన్నారు. ఇక్కడ సుప్రీంకోర్టు రెండో గీటురాయి పట్టుకుంది. ఖాళీ లేక కాదు, వంతు రాక కాదు, మరి జూనియర్లను ఉంచి ఈయన్నే ఎందుకు దించారు? ఆ దించడంవల్ల ముందుకుపోయే అవకాశం వెనకబడింది కదా? కాబట్టి ఇది హోదా తగ్గింపే, విచారణ లేకుండా చెల్లదు అన్నది.

మూడోది దేబేశ్ చంద్ర దాస్ కేసు. అస్సాం కేడరుకి చెందిన ఐ.సి.ఎస్. అధికారి, ఢిల్లీలో కేంద్రప్రభుత్వ సెక్రటరీ. సెక్రటరీ కంటే తక్కువ పోస్టు ఒప్పుకోవాలి, లేదా రిటైరవ్వాలి, లేదా రాష్ట్రానికి తిరిగి వెళ్ళాలి అని ఆయనకు చెప్పారు. రాష్ట్రానికి తిరిగి వెళ్ళడం మామూలు బదిలీలాగే కనిపిస్తుంది. కాని ఆయన పని బాగాలేదన్న మచ్చ దాని వెనక ఉంది. అస్సాంలో దొరికే పోస్టు సెక్రటరీకి సమానం కాదు. ఇది హోదా తగ్గింపే అని 1969లో సుప్రీంకోర్టు తేల్చింది. సిగ్నలరైనా సెక్రటరీ అయినా సూత్రం ఒక్కటే అన్నమాట.

వేషం తీసి చూడటం

రానురాను కోర్టులు ఆర్డరు మీది అక్షరాలను దాటి లోపలికి చూడటం మొదలుపెట్టాయి. ఇక్కడ "హేతువు", "పునాది" అనే రెండు మాటలకి తేడా తెలియాలి. ఒక ఉద్యోగి పని నచ్చక పై అధికారి మనసులో అసంతృప్తి కలిగితే అది హేతువు. దానివల్ల ఆర్డరు చెడదు. కాని ఫలానా రోజున ఫలానా తప్పు చేశాడని నిర్ధారించుకొని, ఆ తప్పునే ఆధారం చేసుకొని ఆర్డరు ఇస్తే అది పునాది. అప్పుడు విచారణ లేకుండా ఆర్డరు నిలవదు. 1974లో సంషేర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రూపం కాదు, సారం చూడాలన్నది.

దీనికి మన హైదరాబాదులోనే మంచి ఉదాహరణ ఉంది. ఇది రివర్షన్ కేసు కాదు, ప్రొబేషనరును డిశ్చార్జి చేసిన కేసు. అయినా సూత్రం అదే. 1981 జూన్‌లో ఒక తెల్లవారుజామున జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందుతున్న ఐ.పి.ఎస్. ప్రొబేషనర్లు వానవల్ల వ్యాయామానికి కొన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. దీన్ని కావాలని చేసిన పనిగా అనుమానించి, అనూప్ జైస్వాల్ అనే ప్రొబేషనరును నాయకుడిగా భావించారు. ఆ తర్వాత ఏ నిందా లేని సాదా ఆర్డరుతో ఆయన్ని సర్వీసునుంచి పంపించేశారు. 1984లో సుప్రీంకోర్టు ఆ ఆర్డరు ముసుగు తీసి చూసింది. ఆ సంఘటనే ఆర్డరుకి పునాది అని గుర్తించి, కొట్టేసి, ఆయన్ని తిరిగి సర్వీసులోకి తీసుకోమన్నది.

నిజంగా శిక్షే వెయ్యదలిస్తే

శిక్షగా హోదా తగ్గించకూడదని ఎవరూ అనలేదు. పద్ధతిగా చెయ్యమన్నారు, అంతే. మన రాష్ట్ర ఉద్యోగులకి 1991 నాటి క్రమశిక్షణ నియమావళి ఉంది. ఆరోపణలు రాతపూర్వకంగా ఇవ్వాలి. సమాధానానికి గడువు ఇవ్వాలి. కాదంటే విచారణాధికారిని వెయ్యాలి. సాక్షులను ఉద్యోగి ఎదుట విచారించాలి, వాళ్ళను ప్రశ్నించే అవకాశం ఉద్యోగికి ఉండాలి. తన తరఫు సాక్ష్యం పెట్టుకోనివ్వాలి.

మొదట్లో శిక్ష ఖరారు చేసేముందు మరోసారి నోటీసు ఇవ్వవలసి ఉండేది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ ఆ రెండో అవకాశాన్ని తీసేసింది. దాంతో విచారణాధికారి ఏం రాశాడో తెలియకుండానే శిక్షలు పడటం మొదలైంది. విచారణ నివేదిక ప్రతి ఉద్యోగికి ఇచ్చి తీరాలి, దాని మీద ఆయన మాట వినాలి అని 1993లో రాజ్యాంగ ధర్మాసనం స్థిరపరిచింది. ఆ కేసు కూడా మన ఊరి సంస్థదే. హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. మేనేజింగ్ డైరెక్టరుకీ, కరుణాకర్ అనే ఉద్యోగికీ మధ్య నడిచింది. దేశమంతా ఆ తీర్పును మన సంస్థ పేరుతోనే పిలుస్తుంది.

దించడానికీ ఒక అడుగుమట్టం ఉంది. 1988లో న్యాదర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది: ఎవరైనా నేరుగా ఒక పోస్టులో చేరితే, అతన్ని ఆ పోస్టుకంటే కిందికి దించరాదు. ప్రమోషన్ మీద పైకి వచ్చినవాణ్ణి తాను ఎక్కివచ్చిన మెట్టుకి పంపవచ్చు. అప్పర్ డివిజన్ క్లర్కుగా నేరుగా చేరినవాణ్ణి తానెప్పుడూ చెయ్యని లోయర్ డివిజన్ క్లర్కు ఉద్యోగానికి తొయ్యడానికి వీల్లేదు. ఎక్కని మెట్టుకి దించడం ఎలా కుదురుతుంది?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పద్ధతిగా విచారణ జరిగి, కాస్తయినా సాక్ష్యం ఉంటే హైకోర్టు ఆ సాక్ష్యాన్ని మళ్ళీ తూచదు. ఈ సూత్రాన్ని 1963లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, శ్రీరామారావు అనే సబ్ ఇన్‌స్పెక్టరుకీ మధ్య నడిచిన కేసులోనే చెప్పింది. హైకోర్టు చూసేది పద్ధతి, అధికారం, న్యాయం తప్పాయా అన్నంతవరకే.

మూడో రకం రివర్షన్, అంటే లెక్క సరిదిద్దేదానికి పూర్తి విచారణ అక్కర్లేదన్నాను. అలాగని రాత్రికి రాత్రి దించెయ్యమని కాదు. జీతం తప్పుగా నిర్ణయించామని నోటీసు లేకుండా తగ్గించిన ఆర్డరును 1994లో భగవాన్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నష్టపోయే మనిషిని ఒక్క మాట అడగండి అన్నది సహజ న్యాయం.

ధింగ్రా కథకి మూలమైన కాన్ఫిడెన్షియల్ రిపోర్టు సంగతి కూడా మారింది. రిపోర్టులోని ప్రతి వ్యాఖ్యా, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజెయ్యాలని 2008లో దేవ్‌దత్ కేసు చెప్పింది. చాటున రాసి చాటున దాచే రోజులు, చట్టం ప్రకారమైనా, పోయాయి.

ఏ గుమ్మం తొక్కాలి?

తెలుగు ఉద్యోగస్థుల విషయంలో ఈ కథకి ప్రత్యేకమైన అధ్యాయం ఉంది. 1973లో వచ్చిన 371-డి అధికరణం కింద 1976లో మనకి పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పడింది. సర్వీసు కేసులన్నీ అందులోకి వెళ్ళాయి. కాని ఆ అధికరణం ఐదో ఖండంలో విచిత్రమైన ఏర్పాటు ఉండేది. ట్రిబ్యునల్ ఇచ్చిన ఆర్డరును రాష్ట్రప్రభుత్వం మూడు నెలల్లోగా మార్చవచ్చు, రద్దు కూడా చెయ్యవచ్చు. కేసులో ఓడిపోయినవాడే తీర్పు చెరిపేసుకోవచ్చు అన్నట్టు! గోడకు చెప్పుకున్నా ఒకటే, ట్రిబ్యునల్‌కు చెప్పుకున్నా ఒకటే అని ఆ రోజుల్లో ఉద్యోగస్థులు వాపోయారంటే ఆశ్చర్యం లేదు. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ ఖండాన్ని రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధమని కొట్టేసింది. 1987 నాటి లా రిపోర్టుల్లో ఆ తీర్పు దొరుకుతుంది. న్యాయశాస్త్ర విద్యార్థులు తప్పక చదవాలి.

తర్వాత 1985 చట్టం కింద కొత్త ట్రిబ్యునల్ వచ్చింది. ట్రిబ్యునళ్ళ తీర్పుల మీద హైకోర్టుకి వెళ్ళవచ్చునని 1997లో చంద్రకుమార్ కేసు స్థిరపరిచింది. రాష్ట్రం విడిపోయాక 2016లో తెలంగాణకీ, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌కీ ఆ ట్రిబ్యునల్ రద్దయింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల ఉద్యోగులూ నేరుగా తమ తమ హైకోర్టులకే వెళ్ళాలి. కేంద్ర ఉద్యోగులకి మాత్రం కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాదు బెంచి ఉంది. అక్కడ మామూలుగా ఏడాదిలోపు వెళ్ళాలి. హైకోర్టు రిట్‌కి ఇన్ని రోజులని గీత లేకపోయినా, ఊరికే కూర్చుని ఏళ్ళు గడిపినవాడి మొర కోర్టు వినదు.

మన లెక్చరర్లు ఒక సంగతి గమనించాలి. 311 కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సివిల్ ఉద్యోగులకే. యూనివర్సిటీ ఉద్యోగులు, కార్పొరేషన్ల ఉద్యోగులు దాని నీడలోకి రారు. వాళ్ళకి ఆధారం యూనివర్సిటీ చట్టమూ, స్టాట్యూట్లూ, 14వ అధికరణంలోని సమానత్వమూ, సహజ న్యాయసూత్రాలూ. రక్షణ లేదని కాదు, గొడుగు వేరు.

ఆర్డరు చేతికి వస్తే

ఇంత చదివాక చేతికి అందేది ఏమిటి అంటే, నేను అయిదు ప్రశ్నలు చెబుతాను. ఆర్డరు రాగానే కోపంతోనో, కన్నీళ్ళతోనో సంతకం పెట్టడానికి ముందు వీటికి జవాబులు వెతకాలి.

నా ప్రమోషన్ ఆర్డరులో ఏముంది – తాత్కాలికమా, ఆఫిషియేటింగా, ప్రొబేషనా, స్థిరమా? నాకంటే జూనియర్లు అదే పోస్టులో ఇంకా ఉన్నారా? ఆర్డరులోగాని, దానికి మూలమైన ఉత్తరంలోగాని నా నడవడి మీద మచ్చ వేసే మాట ఉందా? నా పాత హోదాలో సీనియారిటీ, జీతం, తర్వాతి అవకాశం చెడ్డాయా? ఈ ఆర్డరుకి కొద్దిరోజుల ముందు నా మీద మెమో, ఫిర్యాదు, చాటుమాటు వాకబు ఏదైనా జరిగిందా?

మొదటి ప్రశ్నకి జవాబు మనకి అనుకూలంగా లేకపోయినా మిగతా నాలుగింటిలో దారి ఉండవచ్చు. వాధ్వా గెలిచింది రెండో ప్రశ్న, నాలుగో ప్రశ్నల మీద. జైస్వాల్ గెలిచింది అయిదో ప్రశ్న మీద. ప్రతి కాగితం నకలు జాగ్రత్తగా దాచుకున్నవాడికే ఈ ప్రశ్నలు ఉపయోగం. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చాక నోట్ ఫైలు నకళ్ళు అడిగే దారి కూడా ఏర్పడింది. ధింగ్రాకి ఆ సదుపాయం లేదు.

చివరికొక్క మాట. ఈ సంచిక చదివే మిత్రుల్లో కొందరు రేపు ఇలాంటి ఆర్డరు అందుకోవచ్చు. మరికొందరు ఇలాంటి ఆర్డరు మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటారు. నా విన్నపం ఈ రెండోవాళ్ళకే ఎక్కువ. పనికిరాడనుకుంటే ఆ మాట మనిషి మొహాన చెప్పండి, దిద్దుకోవడానికి గడువివ్వండి. తప్పు చేశాడనుకుంటే ఛార్జిషీటు ఇచ్చి అడగండి. "పాలనా సౌలభ్యం" అనే దుప్పటి కప్పి శిక్ష వెయ్యకండి. 311వ అధికరణం కోరేదీ, మనిషికి మనిషి ఇవ్వవలసిన మర్యాదా ఒక్కటే: దించేముందు అడగడం.